వాపసు చిట్టీ

ఇస్తారి పెన్‌గంగ అవతలి ఒడ్డున ఆగిపోయి అది రెండో రోజు. అతని దగ్గర నాలుగు పెట్టెలున్నాయి. ఒక్కో పెట్టెలో నూరు సీసాల కలరా టీకా మందు, సీసాల చుట్టూ రంపపు పొట్టు, పొట్టు చుట్టూ నాగపూరులో నింపిన మంచు. ఇస్తారి ఆదిలాబాద్ దవాఖానలో కంపౌండరు. మంచు ఎంత మిగిలిందో చూడాలంటే మూత తీయాలి. మూత తీస్తే ఉన్న మంచు కరుగుతుంది. అందుకని గంటకోసారి పెట్టె అడుగున చెయ్యి పెట్టి, నీళ్లు ఎంత కారుతున్నాయో చూసుకుంటున్నాడు.

ఈ సంగతి ఇవతలి ఒడ్డుకు తెచ్చింది పడవ నడిపే పోశం. అది 1948 ఆగస్టు. ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇండియా. రెండు ఒడ్డులకూ సరుకు తనిఖీ చేసే నాకా చెరొకటి. ఇవతలి నాకాలో అంబదాస్ మున్షీ. బండ్ల మీద వచ్చే పోయే సరుకు చూడడం, రాయడం, దారి చీటీ ఇవ్వడం ఇరవై రెండేళ్లుగా అతని పని.

"మున్షీ, పొమ్మంటలేరు, రమ్మంటలేరు" అన్నాడు పోశం, పడవ తాడు కట్టేస్తూ. "గా కంపౌండరు పెట్టెల పక్కన కుక్క లెక్క కూసున్నడు."

"ఎందుకు ఆపిన్రు?"

"ఆపలేదనే అంటున్రు."

"వాపసు చిట్టీ ఇచ్చిన్రా?"

"ఇయ్యలే. ఏప్రిల్ నుంచి ఎవలికీ ఇస్తలేరు గద."

అంబదాస్ కలం పక్కన పెట్టాడు. ఆ మందు ఎక్కడికి పోవాలో అతనికి తెలుసు. ఇచ్చోడలో కలరాతో పది రోజుల్లో పదకొండు మంది పోయారు. ఊరి చుట్టూ పోలీసులను పెట్టి ఎవరినీ బయటికి రానివ్వడం లేదు. అంబదాస్ ఒక్కగానొక్క బిడ్డ అనసూర్యను ఇచ్చింది ఇచ్చోడకే. ఆమె, ఆమె రెండేళ్ల కూతురు ఆ పోలీసుల లోపలి వైపున ఉన్నారు.

వాపసు చిట్టీ అంటే ఆ రేవులో ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. నాకా దగ్గర బండిని తిప్పి పంపితే ఆ బండివాడికి ఒక కాగితం ఇవ్వాలి. ఏ సరుకు, ఏ తారీఖు, ఏ పొద్దు, ఎందుకు ఆపారు, ఆపింది ఎవరు. కింద సంతకం. సర్కారు చట్టంలో ఇది లేదు. బండి నిజంగా రేవు దాకా వచ్చిందో, లేక దారిలో ఇంకెవరి సరుకో మోయడానికి పోయిందో సాహుకారుకు తెలియాలి గనుక మొదలైంది. ఈ ఒడ్డు చిట్టీని ఆ ఒడ్డు నమ్మేది, ఆ ఒడ్డు చిట్టీని ఈ ఒడ్డు నమ్మేది. ఇంగ్లీషువాళ్లున్నప్పుడూ ఇదే నడిచింది. వాళ్లు పోయాక ఎనిమిది నెలలూ ఇదే నడిచింది.

పోయిన నవంబరులో హైదరాబాదు, ఢిల్లీ ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. యథాతథ ఒప్పందం అన్నారు. బండివాళ్లు కరార్‌నామా అన్నారు. దాని నకలు నాకాకు వస్తే అంబదాస్ రెండుసార్లు చదివాడు. ఇంగ్లీషువాళ్లున్నప్పుడు ఎట్లా నడిచిందో ఏడాది పాటు అట్లాగే నడవాలి. తగాదా వస్తే చెరొకరూ ఒక మధ్యవర్తిని పెట్టుకోవాలి. వాళ్లిద్దరికీ కుదరకపోతే పైన ఇంకొక మనిషి. అంబదాస్‌కు ఇందులో కొత్త ఏమీ కనపడలేదు. బస్తా తూకం దగ్గర పేచీ వస్తే రెండు ఒడ్డుల మున్షీలూ కలిసి మళ్లీ తూచేవాళ్లు. అప్పటికీ తెగకపోతే పోశం తండ్రిని పిలిచేవాళ్లు.

ఏప్రిల్ నుంచి అవతలి ఒడ్డు ఉప్పు, కిరోసిన్, మందులు తిప్పి పంపడం మొదలుపెట్టింది. తామేమీ నిషేధించలేదని ఢిల్లీ చెబుతోంది.

ఇవతలి ఒడ్డు కూడా కడిగిన చేతులతో లేదు. పల్లీలు, ఆముదాలు బయటికి పోనివ్వొద్దని హైదరాబాదు హుకుం పంపింది. ఇండియా రూపాయి చెల్లదని చట్టం చేసింది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. మే నెలలో అంబదాస్ మేనమామ ఊళ్లో మూడిళ్లు తగలబెట్టారు. అందులో ఒకటి మేనమామది.

అంబదాస్ లోపలికి పోయి, అవతలి ఒడ్డుకు పోతానని దారోగాను అడిగాడు. నాకాకు పెద్ద దారోగా. అవతలికి పోతే వాళ్లు జైల్లో పెడతారని, తిరిగి వస్తే ఇక్కడి రజాకార్లు గూఢచారి అంటారని దారోగా చెప్పాడు. బిడ్డ కోసం తండ్రిగా పోతానంటే ఒక రోజు సెలవు ఇస్తానన్నాడు. మున్షీ గుర్తుగా రొమ్ము మీద పెట్టుకునే బిల్ల మాత్రం తీసి పెట్టి పొమ్మన్నాడు.

"తండ్రిగా పోతే వాళ్లు చాయ్ తాపి పంపుతరు సాబ్" అన్నాడు అంబదాస్. "బండి ఆపుడు మున్షీ పని. మున్షీగనే పోవాలె."

దారోగా కిటికీ లోంచి నదిని చూశాడు. తర్వాత, తాను మధ్యాహ్నం నిద్రపోతానని, నిద్రలో ఎవరు ఎటు పోయారో తనకు తెలియదని చెప్పాడు.

ఇంటి దగ్గర శంకరవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది. మూడు రోజులకు సరిపోయేన్ని కట్టమన్నాడు అంబదాస్. ఆమె భర్త చంకలో ఉన్న చిట్టీల పుస్తకాన్ని చూసింది.

"పిల్ల కోసం పోతున్నవా, కాయితం కోసం పోతున్నవా?"

"రొట్టెలు కట్టు."

"మూడు రోజులంటివి. పెట్టెలు తెచ్చుడుకు మూడు రోజులెందుకు?"

అతను కలం, సిరాబుడ్డి సంచిలో పెట్టుకున్నాడు. ఆమె రొట్టెల మధ్య పచ్చికారం పెట్టి కట్టింది. పైన ఒక ఉల్లిగడ్డ వేసింది.

అవతలి నాకాలో ఇప్పుడున్న అధికారి చింతావార్. ఇండియా వైపు బజారు ఊరు పాండర్‌కవడలో పుట్టాడు. ఆ ఊరి కోమట్ల ఇళ్లలో తెలుగు, బజారులో మరాఠీ. రేకుల పందిరి కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఇద్దరు తుపాకుల వాళ్లు. పడవ దిగి వచ్చిన అంబదాస్ రొమ్ము మీది బిల్ల చూసి చింతావార్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఇచ్చోడ సంగతి, అంబదాస్ బిడ్డ అక్కడే ఉన్న సంగతి పోశం చెప్పగా విన్నానని, బాధగా ఉందని చెప్పాడు. అబద్ధం చెబుతున్నట్టు అంబదాస్‌కు అనిపించలేదు.

పందిరి చివర ఇస్తారి పెట్టెల మీద తడి గోనెసంచులు కప్పుతున్నాడు.

మందుల మీద నిషేధం ఉందా అని అంబదాస్ అడిగాడు. లేదని చింతావార్ చెప్పాడు. అట్లయితే పెట్టెలు పడవ ఎక్కించవచ్చా అని అడిగాడు. నాగపూరు నుంచి పర్మిట్ రావాలన్నాడు చింతావార్. పర్మిట్ కావాలని ఎక్కడ రాసి ఉందని అంబదాస్ అడిగాడు. ఎక్కడా రాసి లేదన్నాడు చింతావార్. ఆ మాట చెప్పేటప్పుడు అతను చాయ్ కప్పు వైపు చూశాడు.

"అయితే వాపసు చిట్టీ ఇయ్యుండ్రి. తీసుకొని పోత."

"నిషేధమే లేదంటిని. లేని నిషేధానికి ఆపిన అని ఎట్ల రాస్త మున్షీజీ?"

"అంటే మీరు ఆపలే."

"ఆపలే."

అంబదాస్ తల తిప్పి పెట్టెలు ఎత్తమని ఇస్తారితో చెప్పాడు. ఇస్తారి ఒక పెట్టె ఎత్తి నాలుగడుగులు వేశాడు. తుపాకుల వాళ్లిద్దరూ రేవు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. ఇస్తారి ఆగాడు. పెట్టె అడుగు నుంచి నీళ్లు అతని కాళ్ల మీద కారాయి.

"ఇప్పుడు ఆపింది ఎవలు?" అన్నాడు అంబదాస్.

చింతావార్ అతన్ని కూర్చోమన్నాడు. గొంతు తగ్గించి, పెద్ద సంగతి చెప్పేవాడిలాగా చెప్పాడు. ఒప్పందాన్ని మొదట తప్పింది హైదరాబాదే. రూపాయిని కాదన్నది ఎవరు? పాకిస్తానుకు అప్పు ఇచ్చింది ఎవరు? రజాకార్లను వదిలింది ఎవరు? వాళ్లు తప్పిన తర్వాత ఇండియా పాటించాలని ఎక్కడుంది?

అంబదాస్ అడ్డు చెప్పకుండా విన్నాడు. తర్వాత చిట్టీల పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. ఇచ్చిన చిట్టీల అడుగు నకళ్లు వరసగా ఉన్నాయి.

"పల్లీల బండ్లు, ఆముదాల బండ్లు నేను ఆపిన. మార్చి నుంచి అరవై ఒకటి. సూడుండ్రి, ఒక్కో బండికి చిట్టీ ఇచ్చిన, హైదరాబాద్ హుకుం నంబరేసి. కరార్ తప్పినమా అంటే, తప్పినట్టే ఉన్నది. రేపు ఎవలన్న తీర్పు చెప్పే మనిషి కూసుంటే మా తప్పు నా చేతిరాతల ఉన్నది. మీ తప్పు ఎక్కడున్నది?"

చింతావార్ పుస్తకాన్ని ముట్టుకోలేదు.

"తీర్పు చెప్పే మనిషి కూసోడు" అన్నాడు.

"ఎందుకు?"

"ఇంత పెద్ద దేశం పోయి ఇద్దరు మధ్యవర్తుల ముందట నిలబడ్తదా? జర ఆలోచించుండ్రి."

"సంతకం పెట్టిన నాడు గూడ పెద్దదే గద."

చింతావార్ నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తాను నౌకరునని, రాసి ఇవ్వొద్దని పైనుంచి నోటిమాటగా చెప్పారని, అంతకు మించి తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. చాయ్ డబ్బులు వద్దని, పొద్దుగూకక ముందే పడవలో వెళ్లిపోతే మంచిదని కూడా చెప్పాడు.

అంబదాస్ కుర్చీలోంచి లేచాడు. పడవ వైపు పోలేదు. పందిరి బయట, బండ్లు వచ్చి ఆగే చోట ఒక బండరాయి ఉంది. దాని మీద తువ్వాలు పరిచి కూర్చున్నాడు. మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకున్నాడు. మొదటి చిట్టీ ఇస్తారి పేరున రాశాడు. సరుకు: కలరా టీకా మందు, నాలుగు పెట్టెలు, నాలుగు వందల సీసాలు. చేరవలసిన చోటు: ఆదిలాబాద్ దవాఖాన. ఆగిన పొద్దు: నిన్న ఉదయం తొమ్మిది అని కంపౌండరు చెప్పాడు, ఈ రోజు ఆపడం నేను చూశాను. ఆపిన కారణం: నిషేధం లేదని అధికారి చెప్పారు, పోనివ్వలేదు. ఆపినవారు: చింతావార్ గారు. కింద తన సంతకం, తన నాకా పేరు.

అప్పటికే పాండర్‌కవడ నుంచి వచ్చిన ఉప్పు బండి ఒకటి వాపసు తిరుగుతోంది. దాన్ని తోలుతున్నది ఎల్లేశం. అతను ఎద్దులను నిలిపి అంబదాస్ రాసేది చూశాడు.

"మున్షీ, గది నాక్కూడ ఒకటి రాస్తవా?"

"నీ సేటు నా చిట్టీ నమ్ముతడా?"

"ఇరవై ఏండ్ల నుంచి నీ సంతకం సూస్తుండు. మా సేటు నన్ను నమ్మడు, నా పెండ్లాం నన్ను నమ్మదు. ఇద్దరు గూడ కాయితాన్నే నమ్ముతరు. ఏప్రిల్ నుంచి నాలుగుసార్లు తిరిగిన. రేవు దాక పోనే లేదు, దారిల ఎక్కన్నో పండుకొని వచ్చినవంటుండు."

అంబదాస్ రాశాడు. ఉప్పు, పన్నెండు బస్తాలు. ఆపిన కారణం దగ్గర కలం ఆపి, చింతావార్ వైపు చూసి, కారణం ఏం రాయమంటారని గట్టిగా అడిగాడు. చింతావార్ తల అటు తిప్పుకున్నాడు. 'కారణం అడిగితే చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఎల్లేశం వెనక రెండు బండ్లున్నాయి. వాళ్లూ దిగి వచ్చారు. మధ్యాహ్నం మూడింటికి రాతిబండ ముందు ఏడుగురు నిలబడ్డారు. అందులో ఇద్దరు ఆ రోజు వాపసైన వాళ్లు కారు. పోయిన వారం వాపసై, దగ్గరి ఊళ్లో ఉండిపోయినవాళ్లు. వాళ్లకు అంబదాస్ రాయనన్నాడు. తాను చూడనిది రాయనని చెప్పాడు. వాళ్లు బతిమాలారు. అతను రాయలేదు. మిగిలిన ఐదుగురికి రాశాడు.

చింతావార్ పందిరి లోంచి బయటికి వచ్చాడు. ఎల్లేశం చేతిలోని చిట్టీ తీసుకుని చదివాడు. తన పేరు ఉన్నచోట వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"గీ కాయితాలు పాండర్‌కవడ పోతయి" అన్నాడు. "నలుగురు సేట్లు సూస్తరు. అక్కడ పత్రికలోళ్లు ఉన్నరు."

"పోతయి."

"మా గడ్డ మీద కూసొని మా మీద రాస్తున్నవ్. నిన్ను పట్టి లోపలేస్తే ఎవలడుగుతరు?"

"పట్టుకపోండ్రి. ఎన్ని గంటలకు పట్టుకున్నరో మాత్రం రాసిపెట్టుకుంట. ఎందుకు పట్టుకున్నరో మీరు చెప్పాలె. చెప్పకుంటే చెప్పలేదని రాస్త."

బండివాళ్లలో ఎవరో నవ్వారు. చింతావార్ అటు చూస్తే నవ్వు ఆగింది. ఎల్లేశం మాత్రం చిట్టీ కోసం చెయ్యి చాచి అట్లాగే నిలబడ్డాడు. చింతావార్ దాన్ని వాపసు ఇచ్చాడు.

తర్వాత అతను అంబదాస్‌ను పక్కకు పిలిచాడు. పెట్టెలు తీసుకుపోవచ్చునని చెప్పాడు. ఒకటే షరతు. అంబదాస్ కూడా అదే పడవలో పోవాలి, పుస్తకం మూసెయ్యాలి, రాసిన చిట్టీలు వాపసు తీసుకోవాలి. బిడ్డ గురించి కూడా చెప్పాడు. పొద్దుగూకే లోపు మందు ఆదిలాబాద్ చేరితే తెల్లారేసరికి ఇచ్చోడలో ఉంటుందని, ఆలస్యమైన ప్రతి గంటా మున్షీదేనని అన్నాడు.

ఇస్తారి పరుగున వచ్చాడు.

"మున్షీ, ఒప్పుకో. మంచు సగం గూడ లేదు. రేపు పొద్దుగాల వరకు మందు పారబోసుడే."

అంబదాస్ రేవు వైపు చూశాడు. నది మీద పోశం పడవ ఖాళీగా ఊగుతోంది. అనసూర్య ఇంటి ముందు బావి అతనికి గుర్తొచ్చింది. ఆ వీధిలో అందరూ ఆ నీళ్లే తాగుతారు.

"రాసిన చిట్టీలు నాయి కావు. అవి బండోళ్లయి. వాపసు అడిగే హక్కు నాకు లేదు" అన్నాడు చివరికి. "ఇగ మందు. అది మీరు బేరం పెట్టుడుకు మీది కాదు, నేను బేరమాడుడుకు నాది కాదు. మీరు పోనిస్తే, గీ పొద్దుకు పోనిచ్చిన్రు అని రాస్త. ఆపితే ఆపిన్రు అని రాస్త. ఏది రాయాల్నో మీ చేతిల ఉన్నది. నేనైతే ఈన్నే ఉంట."

"బిడ్డ సచ్చినా గిట్లనే అంటవా?"

ఇస్తారి తల దించుకున్నాడు. అంబదాస్ పుస్తకంలో ఇస్తారి చిట్టీ తీశాడు. చివరి వరస కింద కలం ఆనించాడు.

"నేను ఇయ్యాల దండం పెట్టి పెట్టెలు కొంచవోతే" అన్నాడు, "ఎల్లుండి ఇంకో కంపౌండరు వస్తడు. వాని కోసం ఏ మున్షీ రాడు. పొద్దు మూడున్నర అయితుంది. ఏం రాయమంటరు?"

చింతావార్ రేవు వైపు తిరిగాడు. తుపాకుల వాళ్లకు చేత్తో సైగ చేశాడు. వాళ్లు మెట్ల మీది నుంచి పక్కకు జరిగారు. ఇస్తారి మొదటి పెట్టె ఎత్తాడు. ఎల్లేశం రెండోది ఎత్తాడు. మిగిలిన రెంటినీ బండివాళ్లు మోశారు. అంబదాస్ పడవ దాకా పోయి పెట్టెలు లెక్కపెట్టాడు. ఇస్తారి చిట్టీ కింద ఇంకొక వరస రాశాడు: మూడు గంటల నలభై నిమిషాలకు పోనిచ్చారు. దాన్ని ఇస్తారి చేతిలో పెట్టాడు.

"నువ్వు ఎక్కవా?" అన్నాడు పోశం.

"అనసూర్యకు, పిల్లకు సూదులిచ్చిన్రో లేదో కనుక్కొని వచ్చి చెప్పు. శంకరవ్వకు చెప్పు, రొట్టెలు సరిపోతయని."

పడవ పోయింది. అంబదాస్ వచ్చి రాతి మీద కూర్చున్నాడు. చింతావార్ అతన్ని చూసి పందిరిలోకి పోయాడు.

రెండో రోజు తొమ్మిది బండ్లు వాపసయ్యాయి. తొమ్మిది చిట్టీలు. మధ్యాహ్నం వాన వస్తే బండివాళ్లు అంబదాస్ మీద గోనెపట్టా పట్టారు, పుస్తకం తడవకుండా. ఆ సాయంత్రం పోశం వచ్చి చెప్పాడు. మందు పొద్దున్నే ఇచ్చోడ చేరింది. దవాఖాన వాళ్లు బావి దగ్గర బల్ల వేసి అందరికీ సూదులు వేశారు. అనసూర్య వేయించుకుంది, పిల్లకూ వేయించింది. ఆ రోజు ఊళ్లో ఇంకొకరు పోయారు, కానీ అది వాళ్ల వీధి కాదు. అంబదాస్ ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. ఆ తర్వాతే రొట్టె మూట విప్పాడు.

మూడో రోజు పొద్దున పాండర్‌కవడ నుంచి ఇద్దరు సాహుకార్లు జట్కాలో వచ్చారు. వాళ్ల చేతుల్లో అంబదాస్ చిట్టీలున్నాయి. వాళ్లు పందిరిలో చింతావార్‌తో గంటసేపు మాట్లాడారు. బయటికి వినపడిన మాటలు కొన్నే. తమ సరుకు ఆపితే తమ నాకా కాగితం ఇవ్వాలి గాని నిజాం మున్షీ ఇవ్వడమేమిటని ఒకాయన అడిగాడు. ఆపలేదనే మాట ఇక తమ దగ్గర చెప్పవద్దని రెండో ఆయన అన్నాడు. ఇక చిట్టీలు ఇవ్వక తప్పదని చింతావార్ వాళ్ల ముందే నాగపూరుకు ఒక ఉత్తరం రాసి, అది తీసుకుపొమ్మని ఒక జవానును వాళ్ల జట్కా ఎక్కించాడు.

వాళ్లు పోయాక చింతావార్ లోపలి పెట్టె తెరిపించాడు. అందులోంచి ఏప్రిల్‌లో మూసిన పుస్తకం తీశాడు. దుమ్ము దులిపాడు. అప్పుడే వచ్చి ఆగిన కిరోసిన్ బండిని వాపసు తిప్పమని చెప్పి, చిట్టీ రాసి, చించి, బండివాడికి ఇచ్చాడు.

బండ్లు ఆపడం ఆగలేదు. ఆపామని రాయడం మొదలైంది.

బండివాడికి ఏం చెయ్యాలో తోచలేదు. అలవాటు కొద్దీ రాతి దగ్గరికి వచ్చి చిట్టీని అంబదాస్‌కు చూపించాడు. అంబదాస్ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. సరుకు ఉంది. తారీఖు ఉంది. సంతకం ఉంది. ఆపిన కారణం దగ్గర 'పై ఉత్తర్వు మేరకు' అని ఉంది.

అతను లేచాడు. మూడు రోజులు కూర్చున్న మోకాళ్లు వెంటనే సాగలేదు. మెల్లగా నడిచి పందిరిలోకి పోయి, చిట్టీని చింతావార్ ముందు బల్ల మీద పెట్టాడు.

"ఉత్తర్వు నంబరు లేదు" అన్నాడు. "ఇచ్చినాయన పేరు లేదు."

చింతావార్ చిట్టీ వైపు చూశాడు, బయట వరసలో ఉన్న బండ్ల వైపు చూశాడు.

"నంబరు లేదు మున్షీజీ. నోటితోటి చెప్పిన్రు."

"అయితే గదే రాయుండ్రి. నోటితోటి చెప్పిన్రని. ఎవలు చెప్పిన్రు, ఎన్నడు చెప్పిన్రు."

చింతావార్ కలం సిరాలో ముంచాడు. చాలాసేపు కాగితం మీద పెట్టలేదు. అంబదాస్ నిలబడే ఉన్నాడు. చివరికి చింతావార్ ఎవరు, ఎన్నడు నోటితో చెప్పారో రెండు వరసల్లో రాసి, ఆ పేరు పక్కన తన పొట్టి సంతకం ఇంకొకసారి పెట్టాడు. అంబదాస్ దాన్ని తన పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా నకలు చేసుకుని, చిట్టీ బండివాడికి ఇచ్చి, పోశాన్ని పడవ విప్పమన్నాడు.